విమానానికీ కావాలి కడచీల

ఎడ్లబండిని మీరు చూసే ఉంటారు. ట్రాక్టర్లు వచ్చాక బండ్లు తగ్గిపోయినా, పల్లెల్లో ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి. ఈసారి బండి కనబడితే ఇరుసు చివర కాస్త పరీక్షగా చూడండి. చక్రం జారి బయటికి రాకుండా అక్కడ చిన్న ఇనుప చీల ఒకటి దిగవేసి ఉంటుంది. దానినే కడచీల అంటారు. బండి మొత్తం బరువులో అది ఎన్నో వంతు? లెక్కలోకి రానంత! బరువు మోసేది అది కాదు, బండిని నడిపేది అది కాదు. అయినా అది ఊడిపోతే కాసేపటికి చక్రం ఊడుతుంది, బండి బోల్తా పడుతుంది. అందుకే తెలిసిన బండివాడు బండి కట్టే ముందు ఎడ్లనూ చూసుకుంటాడు, కడచీలనూ చూసుకుంటాడు.

విమానంలో కూడా ఇలాంటి కడచీలలు చాలా ఉంటాయి. అటువంటి ఒకదాని గురించి, అది లేనందువల్ల జరిగిన ఘోరం గురించి, దాని నుంచి మనం నేర్వవలసిన పాఠం గురించి ఈసారి మీతో మాట్లాడదలచాను. ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అది సరైనదో కాదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

ఆ రోజు ఏం జరిగింది?

అమెరికా దేశపు వాయవ్య మూలన వాషింగ్టన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి సముద్రతీరం నిండా దీవులే. దీవికీ దీవికీ మధ్య చిన్న విమానాలు మన ఊళ్ళ మధ్య బస్సుల్లాగా తిరుగుతూ ఉంటాయి. వీటికి చక్రాలకు బదులుగా, పడవల్లాగా నీటిమీద తేలే రెండు పెద్ద తొట్లు అమర్చి ఉంటాయి. ఇవి నీటిమీది నుంచే లేస్తాయి, నీటిమీదనే దిగుతాయి.

2022 సెప్టెంబరు 4వ తేదీన ఇలాంటి విమానం ఒకటి ఫ్రైడే హార్బర్ అనే ఊరినుంచి సియాటిల్ నగరం పక్కనున్న రెంటన్‌కు బయలుదేరింది. అది కెనడాలోని డి హావిలాండ్ సంస్థ రూపొందించిన ఆటర్ రకం విమానం. ఒకటే ఇంజను. పైలటుతో కలిపి లోపల ఉన్నది పదిమంది.

దారిలో విడ్బీ అనే దీవి పక్కన మ్యూటినీ అఖాతం ఉంది. అక్కడికి వచ్చేసరికి, మామూలుగా పోతున్న విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి వాల్చి, దాదాపు నిట్టనిలువుగా సముద్రంలోకి దూసుకుపోయింది. ఒడ్డున ఉన్నవాళ్ళు కళ్ళారా చూశారు. విమానంలోని పదిమందిలో ఒక్కరు కూడా దక్కలేదు.

ఎందుకిలా జరిగింది? జవాబు విమానం తోకలో ఉంది. ముందుగా ఆ తోక చేసే పని ఏమిటో చూద్దాం.

తోక చేసే పని

తలుపును కీళ్ళ దగ్గర నెడితే కదలదు. పిడి దగ్గర ఒక్క వేలితో నెట్టినా తెరుచుకుంటుంది. బలం ఎంత అన్నదే కాదు, ఆధారానికి ఎంత దూరాన పనిచేస్తోంది అన్నది కూడా ముఖ్యమని, ఈ రెండింటి లబ్ధాన్ని బల భ్రామకం అంటారని మీరు పాఠాల్లో చదువుకున్నారు. విమానం గురుత్వ కేంద్రం రెక్కల దగ్గర ఉంటుంది. తోక దానికి చాలా దూరాన, వెనక కొసన ఉంటుంది. కాబట్టి తోకమీద గాలి కొద్దిగా నెట్టినా చాలు, ముక్కు పైకో కిందికో తిరుగుతుంది.

ఆటర్ తోకలో అడ్డంగా పరచిన చిన్న రెక్క ఉంటుంది. దీన్ని స్టెబిలైజర్ అంటారు. దాని వెనక అంచున కీళ్ళతో బిగించిన పలక ఎలివేటర్. పైలటు తన చేతిలోని పిడితో ఎలివేటర్‌ను కదుపుతాడు. ఇదికాక, స్టెబిలైజర్ వాలును కూడా ఆయన కొద్దికొద్దిగా మార్చగలడు. ఎందుకంటే విమానంలో ఒకసారి నలుగురు ఎక్కుతారు, మరొకసారి తొమ్మిదిమంది ఎక్కుతారు. సామాను ఒకసారి ముందు ఉంటుంది, మరోసారి వెనక ఉంటుంది. గురుత్వ కేంద్రం కాస్త అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. దానికి తగినట్లు స్టెబిలైజర్ వాలును సరిచేసుకుంటే, ప్రయాణమంతా పిడిని బలవంతాన లాగి పట్టుకోవలసిన అవసరం ఉండదు.

ఈ వాలు మార్చే సాధనం లారీ చక్రం మార్చేటప్పుడు వాడే జాకీలాంటిది. మర తిరిగితే అది పొడవవుతుంది, లేదా పొట్టిదవుతుంది. దీని ఒక కొస విమానం శరీరానికి, రెండో కొస స్టెబిలైజర్‌కు బిగించి ఉంటుంది. సాధనంలో ఒక గొట్టం, ఆ గొట్టానికి మరలతో బిగించిన ఒక నట్టు ఉంటాయి. సాధనం రెండు ముక్కలై విడిపోకుండా కలిపి ఉంచేది ఆ నట్టే.

ఇక ఆ నట్టు వదులు కాకుండా ఆపేది ఏమిటి? గుండ్రంగా వంచిన తీగ కడియం ఒకటి. అది నట్టు చుట్టూ ఉన్న గాడిలో కూర్చుంటుంది. దాని కొస లోపలికి వంగి, నట్టులోని రంధ్రం గుండా గొట్టంలోని రంధ్రంలోకి దిగుతుంది. ఇక నట్టు తిరగలేదు. చూశారా, అచ్చంగా మన కడచీలే!

నట్టు దానంతట అదే ఎందుకు ఊడుతుంది?

ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంలా కత్తిరించి పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు పెన్సిలు చుట్టూ మెట్లమెట్లుగా పైకి ఎక్కుతుంది. మర అంటే ఇంతే. కడ్డీకి చుట్టిన వాలుతలం. నట్టుమీద బరువు పడినప్పుడు అది ఈ వాలుమీద నుంచి జారాలని చూస్తుంది. జారకుండా పట్టి ఉంచేది ఘర్షణ.

కాని ఇంజను తిరుగుతున్నంతసేపూ విమానమంతా కంపిస్తూ ఉంటుంది. పళ్ళెంలో బియ్యం పోసి, పళ్ళేన్ని కొంచెం వాల్చండి. బియ్యం కదలవు. పళ్ళెం అంచును వేలితో టకటకా తట్టండి. బియ్యం జారడం మొదలవుతుంది. కంపనాల వల్ల క్షణం క్షణం పట్టు సడలుతుందన్నమాట. నట్టు సంగతి కూడా అంతే. ఒక్కొక్క కంపనానికి అది తిరిగేది కంటికి కనిపించనంత. కాని గంటల తరబడి, రోజుల తరబడి తిరిగితే చివరి మర కూడా దాటిపోతుంది.

మ్యూటినీ అఖాతం మీద జరిగింది ఇదే. నట్టు పూర్తిగా ఊడి, సాధనం రెండుగా విడిపోయింది. ఆధారం పోయిన స్టెబిలైజర్‌ను గాలి తన ఇష్టం వచ్చినట్లు తిప్పేసింది. వెనక అంచు పూర్తిగా కిందికి వాలింది. దాంతో తోక పైకి లేచింది, ముక్కు కిందికి దిగింది. ఎలివేటర్‌ను ఎంత లాగినా దాన్ని సరిచేయడం సాధ్యం కాదు. పైలటు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు.

సముద్రపు అడుగున దొరికిన సాక్ష్యం

ఇదంతా ఎలా తెలిసింది? చెప్పడానికి విమానంలోని వాళ్ళు ఎవరూ మిగలలేదు. విమానం ముక్కలై దాదాపు 58 మీటర్ల లోతున, బలమైన ప్రవాహాలున్న చోట పడి ఉంది. ధ్వని తరంగాలతో సముద్రపు అడుగును గాలించి చోటు కనిపెట్టారు. అమెరికా నౌకాదళం సాయంతో, నీటిలో దూరం నుంచి నడిపే యంత్రాన్ని దించి శకలాలను పైకి తెచ్చారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి వాటిని పరీక్షించింది.

వాలు మార్చే సాధనం రెండు ముక్కలుగా దొరికింది. అయితే ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. అది గాలిలోనే విడిపోయిందా, లేక నీటిని ఢీకొన్న దెబ్బకు విడిపోయిందా? మొదటిదైతే అది ప్రమాదానికి కారణం. రెండోదైతే అది ప్రమాదం వల్ల కలిగిన ఫలితం.

మీరైతే ఎలా తేలుస్తారు? చదవడం ఆపి ఒక నిమిషం ఆలోచించండి.

మరమూత ఉన్న ప్లాస్టిక్ సీసాను గుర్తు తెచ్చుకోండి. మూతను తిప్పకుండా బలవంతంగా పెరికితే లోపలి మరలు చెరిగిపోతాయి. తిప్పి తీస్తే మరలు చెక్కుచెదరవు. శాస్త్రజ్ఞులు ఆ నట్టు మరలనూ, గొట్టం మరలనూ పరిశీలించారు. అవి చెరగలేదు. అంటే నట్టు పెరకబడలేదు, తిరిగి తిరిగి ఊడింది. నీటిని ఢీకొనే ఒక్క క్షణంలో నట్టు అన్ని చుట్లు తిరగడం అసాధ్యం. కాబట్టి అది అంతకు ముందే ఊడింది. మరి తిరగకుండా ఆపవలసిన తీగ కడియం ఏది? ఉండవలసిన చోట అది లేదు.

ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పినవి కొన్ని మర చుట్లు. విజ్ఞాన శాస్త్రం అంటే పెద్ద పెద్ద యంత్రాలే కాదు, చిన్న వస్తువును సరైన ప్రశ్నతో చూడడం కూడా అని ఇక్కడ గమనించండి.

పట్టుకోవలసింది మనిషినేనా?

ఈ సంగతి మా పదో తరగతి పిల్లలకు చెబితే, అందరికంటే ముందుగా వినబడిన మాట ఒకటే: "ఎవడు సార్ ఆ కడియం పెట్టనివాడు? వాణ్ణి పట్టుకుని జైల్లో వేయాలి!"

ఆ కోపం నాకు అర్థమవుతుంది. పదిమంది పోయారు. ఎవరికైనా మొదట వచ్చే ప్రశ్న "తప్పు ఎవరిది?" అన్నదే. కాని నా అభిప్రాయం వేరు. మొదట అడగవలసిన ప్రశ్న అది కాదు. "ఆ ఒక్కటి తప్పినప్పుడు ఆపడానికి రెండోది ఎందుకు లేదు?" అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఆలోచించండి. మనిషి చేతులు అలసిపోతాయి. కళ్ళు ఒక్కోసారి ఏమారుతాయి. ఎంత మంచి పనివాడైనా, పని మధ్యలో ఎవరో పిలిస్తే తిరిగి వచ్చి ఎక్కడ ఆపాడో మరిచిపోవచ్చు. ఇది సోమరితనం కాదు, మనిషి స్వభావం. "జాగ్రత్తగా ఉండు" అని వెయ్యిసార్లు చెప్పినంత మాత్రాన ఈ స్వభావం మారదు. అలాంటప్పుడు పదిమంది ప్రాణాలను ఒకే ఒక తీగ కడియానికి అప్పగించడం, ఆ కడియాన్ని ఒకే ఒక మనిషి జ్ఞాపకానికి అప్పగించడం తెలివైన పనేనా?

చిన్న లెక్క ఒకటి వేద్దాం. ఇది ఊహించిన లెక్కే, నిజమైన గణాంకం కాదు. ఒక పనివాడు కడియాలు బిగించే పనిలో 1,000 సార్లకు ఒక్కసారి పొరబడతాడనుకోండి. అతని పనిని మరొకరు విడిగా తనిఖీ చేస్తారు. ఆయన కూడా 1,000 తప్పులలో ఒకదాన్ని గమనించకుండా వదిలేస్తాడనుకోండి. ఇద్దరినీ దాటి తప్పు బయటికి పోయే అవకాశం ఎంత? 1,000 × 1,000, అంటే 10,00,000 సార్లకు ఒక్కసారి! ఇద్దరిలో ఎవరూ మహా మేధావి కాదు. అయినా ఇద్దరి వల్ల భద్రత వెయ్యి రెట్లు పెరిగింది.

కాని ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. "విడిగా" అన్న మాటను గుర్తుంచుకోండి. భౌతికశాస్త్రం ప్రాక్టికల్సులో లోలకం డోలనాలు లెక్కపెట్టమంటే, ఒకరు 20 డోలనాల కాలం చూసి రాస్తారు, పక్కవాడు దాన్నే చూసి దించేస్తాడు. పుస్తకంలో రెండు కొలతలు కనిపిస్తాయి గాని నిజానికి ఉన్నది ఒకటే. మొదటివాడు పొరబడితే రెండోవాడూ పొరబడ్డట్టే. అలాగే మొదటి పనివాడి మీద నమ్మకంతో, వస్తువును కళ్ళతో చూడకుండా తనిఖీ పుస్తకంలో సంతకం చేసినవాడు రెండో కాపలాదారు కాడు. అప్పుడు గుణకారం చెల్లదు. 10,00,000 మళ్ళీ 1,000కి పడిపోతుంది.

రెండో కాపలా మన చుట్టూనే ఉంది

ఇది విమానాలవాళ్ళకే తెలిసిన రహస్యం కాదు. మీ ఇంట్లోని ప్రెషర్ కుక్కరును చూడండి. ఆవిరి ఎక్కువైతే పైనున్న బరువు లేచి విజిల్ వేస్తుంది. ఆ దారిలో మెతుకు అడ్డం పడి మూసుకుపోతే? అందుకే మూతకు సేఫ్టీ వాల్వు వేరుగా పెట్టారు. అమ్మ ఏదో ఒక రోజు విజిల్ దారి కడగడం మరిచిపోవచ్చునని కుక్కరు తయారుచేసినవాళ్ళు ముందే ఊహించారన్నమాట. ఊహించి, అమ్మను తిట్టకుండా వాల్వు పెట్టారు.

సీలింగు ఫ్యానును వేలాడదీసే బోల్టుకు నట్టు బిగించి ఊరుకోరు. బోల్టు కొసన ఉన్న రంధ్రం గుండా స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని కొసలు విడదీసి వంచుతారు. నట్టు వదులైనా పిన్ను దాన్ని జారిపోనివ్వదు. సైకిలు ఎడమ పెడలు మరలు మామూలు మరలకు తిరకాసుగా ఉంటాయి. తొక్కుతూ ఉంటే ఆ కదలికకు పెడలు ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది. ఈ ఏర్పాటు బిగించేవాడి జాగ్రత్త మీద ఆధారపడదు. మర చెక్కినప్పుడే జాగ్రత్త అందులో చేరిపోయింది.

ఆటర్ మొదటిసారి ఎగిరింది 1951లో. 1967 వరకు 466 విమానాలు తయారయ్యాయి. అవి కష్టమైన చోట్ల ఎంతో సేవ చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. అయినా ప్రమాదం జరిగేనాటికి తోకలోని ఆ నట్టుకు ఉన్న కాపలా ఒక్కటే. 2022 అక్టోబరు చివర భద్రతా మండలి, ఆటర్ విమానాలన్నిటిలోనూ కడియం ఉందో లేదో వెంటనే చూడాలని హెచ్చరించింది. నవంబరు మొదట్లో అమెరికా విమానయాన అధికారులు అత్యవసర ఆదేశం ఇచ్చారు. తుది నివేదిక 2023లో వచ్చింది. ఆ నట్టుకు రెండో లాకు కూడా అమర్చాలని మండలి కోరింది. నేను మీకు చెప్పదలచిన మాట కూడా అదే.

కొన్ని అభ్యంతరాలు

"ఇన్నేళ్ళుగా ఎగురుతున్న విమానమే కదా, ఇప్పుడు మార్చడం దేనికి?" అని కొందరు అనవచ్చు. చెరువు కట్ట నిరుడు తెగలేదు, అంతకు ముందు ఏడు తెగలేదు. అందుకని ఈ ఏడు పెద్ద వాన వస్తే తెగదని చెప్పగలమా? ఇంతవరకు ప్రమాదం జరగకపోవడం, జరగదనడానికి రుజువు కాదు.

"అదనపు లాకులు పెడుతూ పోతే బరువు, ఖర్చు పెరగవా?" అని మరికొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి మరకూ పది లాకులు పెడితే విమానం నేలమీదనే ఉండిపోతుంది. కుర్చీ చేతికి బిగించిన స్క్రూకు రెండో కాపలా అక్కర్లేదు. అది ఊడితే ఎవరి ప్రాణమూ పోదు. అందుకే ఇంజనీరు ఒక్కొక్క భాగాన్నీ చూసి "ఇది తప్పితే ఏమవుతుంది?" అని అడగాలి. "విమానం కూలుతుంది" అన్నది జవాబు అయినచోట రెండో కాపలా తప్పనిసరి. అక్కడ ఖర్చు గురించి బేరం ఉండరాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మా తరగతిలోనే వచ్చింది. "అయితే తప్పు చేసినవాణ్ణి వదిలేయమంటారా సార్?" కాదు. చూడకుండా చూశానని సంతకం చేయడం మోసం. తెలిసి చేసిన మోసానికి శిక్ష పడవలసిందే. కాని శిక్ష వేసినంత మాత్రాన మిగిలిన విమానాల్లో కడియం వచ్చి కూర్చోదు. పైగా, పొరబాటు చెప్పిన వెంటనే శిక్ష పడుతుందని భయపడితే, ఎవరూ పొరబాటును బయటికి చెప్పరు. దాచిన పొరబాటు మరో విమానంలో తేలుతుంది. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాలలో, ప్రమాద విచారణ ఉద్దేశం తప్పును ఎవరి మీదనో మోపడం కాదు, ఇంకొక ప్రమాదాన్ని నివారించడమే అని స్పష్టంగా ఉంది. మన దేశంలోని విమాన ప్రమాదాల విచారణ సంస్థ పాటించవలసిన సూత్రమూ ఇదే. నేరం తేల్చడానికి పోలీసులు, కోర్టులు వేరుగా ఉన్నాయి.

మీరు చేయవలసిన పని

విమానాలు మనకు చాలా దూరం అనుకోకండి. మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు. కొందరు మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, డ్రైవర్లు అవుతారు. ఎవరైనా సరే, మీ చేతి పనిమీద పదిమంది ప్రాణాలు ఆధారపడే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున "నేను చాలా జాగ్రత్తపరుణ్ణి, నాకు తనిఖీ ఏమిటి?" అని చిన్నబుచ్చుకోకండి. మీ పనిని మరొకరు చూడడం అవమానం కాదు. అలాగే మరొకరి పనిని మీరు తనిఖీ చేయవలసి వస్తే, మొహమాటానికి పోకుండా మీ కళ్ళతో చూసి, మీ వేలితో తాకి, ఆ తరువాతే సంతకం చేయండి.

ఈ అలవాటును ఇప్పుడే మొదలు పెట్టవచ్చు. ఈ ఆదివారం మీ ఇంట్లోనూ, వీధిలోనూ తిరిగి, ఏ అయిదు వస్తువులకు రెండో కాపలా ఉందో ఒక కాగితం మీద రాయండి. వంటగది, బావి గిలక, సైకిలు, స్కూలు బస్సు, అన్నీ చూడండి. ఫ్యాను దగ్గరికి మాత్రం కుర్చీలెక్కి వెళ్ళకండి, పెద్దవాళ్ళను అడగండి. కాగితం రెండో వైపున, రెండో కాపలా ఉండవలసి ఉండీ లేని వస్తువు ఒక్కటైనా రాయండి. దానికి ఏ ఏర్పాటు చేస్తే బాగుంటుందో బొమ్మ గీసి మీ సైన్సు మాస్టారుకు చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే వాదించండి. ఆ బొమ్మ సరిగా ఉందో లేదో చూడడానికి ఆయన కూడా ఒక రెండో కాపలాయే గదా!